సాంద్రతర యానకం: ఈ మాట మార్చుకోవచ్చా?

పదో తరగతికి కాంతి పాఠం చెప్పే ప్రతిసారీ ఈ వాక్యం దగ్గర చిక్కు పడుతోంది: "విరళ యానకం నుంచి సాంద్రతర యానకంలోకి వెళ్లే కిరణం లంబం వైపు వంగుతుంది." యానకమంటే కాంతి పోయే గాలి, నీరు, గాజు లాంటి పదార్థం; లంబమంటే రెండు యానకాలు కలిసే తలానికి నిట్టనిలువుగా గీసిన గీత. కాంతి నెమ్మదిగా పోయేది సాంద్రతర యానకం, వేగంగా పోయేది విరళ యానకం. కానీ సాంద్రత అనగానే పిల్లలకు బరువు తడుతుంది. మరి కిరోసిన్ నీటికన్నా తేలికే, నీళ్ల మీద తేలుతుంది. కాంతి మాత్రం నీటిలో సెకనుకు సుమారు 2.25 లక్షల కిలోమీటర్లు పోతే, కిరోసిన్‌లో 2.08 లక్షలే పోతుంది. అంటే ఇక్కడ సాంద్రతర యానకం కిరోసినే!

మొన్న బీకరులో గ్లిజరిన్ పోసి, ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు కడ్డీని అందులోకి దించాను. మునిగిన మేర కడ్డీ మాయమైపోయింది, పైభాగం గాలిలో నిలబడ్డట్టు కనిపించింది. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.2 గ్రాములు, గ్లిజరిన్‌ది 1.26. బరువులో అంత తేడా ఉన్నా రెండింటి వక్రీభవన గుణకం (శూన్యంలో కాంతి వేగం ఆ పదార్థంలోని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) దాదాపు 1.47. వేగం మారకపోతే వంగడమూ లేదు, అంచూ కనబడదు. పిల్లలకు అప్పుడు అర్థమైంది, అదీ పుస్తకంలోని మాట పక్కన పెట్టాకే. మీరైతే ఏమంటారు?

— సాంద్రం అన్న మాటను తప్పు పట్టలేమండీ. దానికి అసలు అర్థం చిక్కన, దట్టం. కరుణాసాంద్రుడు అన్నప్పుడు బరువు ఎక్కడుంది? ఘనపరిమాణానికి ఇంత ద్రవ్యరాశి అన్న లెక్క భౌతికశాస్త్రం తర్వాత తగిలించింది. కాకపోతే ఒకే పుస్తకంలో ఒకే మాట రెండు పనులు చేస్తే పిల్లలు తికమక పడతారు, అది ఒప్పుకుంటాను. "దృక్ సాంద్రత" అని పూర్తిగా అంటే కొంత నయం.

నాకు వక్రీభవనం (కిరణం యానకం మారినప్పుడు వంగడం) అన్న మాట మీదే ఎక్కువ అభ్యంతరం. వక్రం కానిది వక్రం కావడం వక్రీభవనం. ఘనీభవనం, బాష్పీభవనం లాంటిదే, వ్యాకరణం చక్కగా ఉంది. కానీ లంబంగా పడిన కిరణం ఏమాత్రం వంగకుండానే నెమ్మదిస్తుంది. వంగడం ఫలితం, వేగం మారడం కారణం. నీటిలో కాంతి గాలిలోకన్నా నెమ్మదని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో 1850లో ప్రయోగం చేసి చూపించాడు. మన మాటలో ఆ వేగం ఊసే లేదు.

— యానకంలోనే ఉంది కదండీ! 'యా' ధాతువుకు పోవడమని అర్థం. దేని గుండా పోతుందో అది యానకం. దాని ముందు నెమ్మది అనే అర్థమున్న 'మంద' చేర్చి మందయానకం అంటే సరిపోతుంది. కావ్యనాయికను మందయాన (మెల్లగా నడిచేది) అన్నారు కాబట్టి చెవికి కొత్త కాదు. గాలితో పోలిస్తే నీరు మందయానకం, గాజులో కాంతి ఇంకా నెమ్మది, వజ్రంలోనైతే సెకనుకు 1.24 లక్షల కిలోమీటర్లే. విరళ యానకానికి శీఘ్రయానకం.

— మందయానకం నాకు బాగా నచ్చింది. రేపటి నుంచి తరగతిలో అదే వాడతాను. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయమంటాను, పిల్లలకు మార్కులు పోకూడదు.