నడుము ఫ్యూజన్‌కు పీక్ కేజా, టైటానియం కేజా?

ఏటిగట్టు: అమ్మకు 61 ఏళ్లు. నడుములో నాలుగో పూస (ఎల్‌4) అయిదో పూస (ఎల్‌5) మీద ముందుకు జారింది. ఆ రెండు పూసలను అతికించే ఫ్యూజన్ ఆపరేషన్ చేయాలన్నారు. పూసల మధ్య పెట్టే కేజ్ పీక్‌ది కావాలో, టైటానియంది కావాలో రేపటికల్లా చెప్పాలట. టైటానియం ఖర్చు ఎక్కువ. ఏది మంచిది?

వేపచెట్టు: టైటానియమే, అదీ దిగుమతి సరుకే తీసుకోండి. నాకు 2019లో చవక రకం వేశారు. పద్నాలుగు నెలలకు పూసలను పట్టి ఉంచే స్క్రూల్లో కిందిది వదులైంది. మంచం మీద పక్కకు తిరిగితే లోపల ఏదో కదిలినట్టు ఉండేది. మళ్ళీ ఆపరేషన్.

కొలబద్ద: మీకు వదులైంది స్క్రూ. ఆయన అడిగింది కేజ్ గురించి. పీక్ అంటే గట్టి ప్లాస్టిక్. బిగువులో ఎముకకు దగ్గర, ఎక్స్‌రేకు అడ్డు రాదు, పూసలు అతుక్కున్నాయో లేదో తెలుస్తుంది. కానీ ఎముక దాన్ని సరిగా పట్టుకోదు, మధ్యలో నారపొర ఏర్పడవచ్చు. టైటానియాన్ని పట్టుకుంటుంది. అయితే మరీ గట్టి లోహం కాబట్టి మెత్తబడిన ఎముకలోకి దిగబడే ప్రమాదం ఉంది. రంధ్రాల టైటానియం వచ్చింది ఆ బిగువు తగ్గించడానికే.

వేపచెట్టు: మీరు చదివి చెబుతున్నారు. నేను పడి చెబుతున్నాను.

కొలబద్ద: అప్పట్లో సిగరెట్లు కాల్చేవారా? పొగతాగేవారికి ఎముక అతుక్కోవడం కష్టం.

వేపచెట్టు: అంటే తప్పు నాదేనా? రోజుకు నాలుగు కాల్చేవాణ్ణి. మానమని ఒక్కరైనా చెప్పారా?

రాత్రిడ్యూటీ: గొడవ తరవాత. అమ్మగారికి ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష చేశారా? షుగరు ఉందా? ఎముక గుల్లబారితే ఏ దేశపు స్క్రూ అయినా వదులవుతుంది.

కొలబద్ద: ఇవన్నీ మనమే అడిగి తెలుసుకోవాలి.

వేపచెట్టు: కూర్చోలేని మనిషి ఏమడుగుతాడండీ? చెప్పాల్సింది వాళ్ళు! వరండాలో నిలబెట్టి మా ఆవిడకు రెండు ధరలు చెప్పారు. ఎముక పరీక్ష మాటే లేదు. చవకది తానే ఒప్పుకున్నానని ఆమె ఇప్పటికీ ఏడుస్తుంది. నా కోపం అదీ.

కొలబద్ద: ఆ సంగతి నాకు తెలియదు. సిగరెట్ల మాట అలా అనాల్సింది కాదు. కానీ అడగాలన్న మాట మీదే ఉన్నాను.

ఏటిగట్టు: ఫోను చేసి అడిగాను. డెక్సా చేయలేదట. అది చేశాకే తేదీ ఇవ్వమన్నాం.

వేపచెట్టు: మంచి పని. బ్యాచ్ నంబరున్న స్టిక్కర్లు డిశ్చార్జి కాగితాలకు అంటించమనండి. నా కాగితంలో ‘ఇంప్లాంట్’ అన్న ఒక్క మాటే ఉంది.