అత్తమ్మ మాత్ర, నా మాత్ర రెండూ స్టెరాయిడ్లేనట, ఆమెకి ఎలా చెప్పాలి?

మాది కావలి దగ్గర పల్లెటూరు. అత్తమ్మ కీళ్లవాతానికి ఏడాదిగా ప్రెడ్నిసొలోన్ వాడుతోంది. తిరుమల ప్రయాణమని నెలసరి వాయిదాకి నాకు డాక్టరమ్మ నోరెథిస్టెరోన్ రాశారు. ఇంటర్ చదివే మా అమ్మాయి రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, రెండూ స్టెరాయిడ్లే అనేసింది. అంతే, అసలే మొహం ఉబ్బిందని బాధపడుతున్న అత్తమ్మ రేపటి నుంచి మాత్ర ముట్టనంటోంది.

1940ల్లో రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త మెక్సికోలో అడవి దుంపల నుంచి, అవీ మన పెండలం జాతివే, ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్ తయారుచేశాడు, 1951లో అక్కడే నోరెథిస్టెరోన్ పుట్టి తర్వాత గర్భనిరోధక మాత్రల్లోకి చేరింది. కీళ్లవాతానికి కార్టిసోన్ (అత్తమ్మ మాత్ర కోవదే) మొదట ఇచ్చింది 1948లో, అమెరికాలో. స్టెరాయిడ్లన్నిటి అణువుల్లో నాలుగు వలయాల చట్రం ఒకటే, ఒంట్లో చేసే పని వేరు. ఒకే పిండితో ఇడ్లీ, దోసె వెయ్యమా అని చెప్పి చూశా, "పిండే చెడ్డదైతే?" అంది.

ఇన్నాళ్లు వాడింది ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ హార్మోన్ వెంటనే అందక నీరసం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకీ రావచ్చు, నా టెన్షన్ అదే. డాక్టరు చెప్పినట్టు డోసు మెల్లగా తగ్గించుకోవడానికి మీ ఇంట్లో పెద్దవాళ్లని ఎలా ఒప్పించారు? సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, అప్పటిదాకా ఆమె మానకుండా ఏం చెప్పమంటారు?