ఇసుక తీరం నుంచి గాలం వేయడానికి ఎన్ని అడుగుల రాడ్? ఏ రీల్?

కొత్తగాలం:
చెరువుల్లో, కాలువల్లో 7 అడుగుల రాడ్‌తో గాలం వేసిన అనుభవమే తప్ప సముద్రపు ఒడ్డున నిలబడి వేసిన అనుభవం నాకు లేదు. ఇప్పుడు ఇసుక తీరానికి పనికివచ్చే రాడ్, రీల్ కొనాలనుకుంటున్నాను. 14 అడుగులు ఉండాలని కొందరు, 10 చాలని కొందరు అంటున్నారు. స్పిన్నింగ్ రీల్ మేలా, మల్టిప్లయర్ రీల్ మేలా అన్నదీ తేలడం లేదు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

బారుకర్ర:
ఇందులో సందేహానికి తావు లేదు. 13 అడుగులకు తగ్గకుండా, 150 గ్రాముల సీసపు గుండును విసరగల కార్బన్ రాడ్ తీసుకోండి. చేతిలో సత్తువ ఉంటే, రాడ్ పొడవు పెరిగిన కొద్దీ దాని కొస వేగం పెరుగుతుంది, గుండు దూరం వెళుతుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. రాడ్‌ను ఇసుకలో నిలిపినప్పుడు లైన్ ఒడ్డున విరిగే కెరటాలకు పైన ఉండాలి. పొట్టి రాడ్ అయితే వచ్చే ప్రతి కెరటం లైన్‌ను గుంజి, గుండును పక్కకు ఈడ్చుకుపోతుంది. రీల్ అంటారా, బరువైన గుండుకు మల్టిప్లయర్‌ను మించినది లేదు.

ఉప్పునీరు:
బారుకర్ర గారు దూరం దగ్గరే ఆగిపోయారు. ఇసుక తీరంలో ఒడ్డుకు సమాంతరంగా కెరటాలు తవ్విన లోతు ఒకటి తరచుగా ఉంటుంది. అల ఒకచోట విరిగి, నురుగు చల్లారి, నీటి రంగు మళ్లీ ముదిరే పట్టీయే అది. మేత కోసం చేపలు తిరిగేది ఎక్కువగా అక్కడే. దాని మీదుగా అవతలి మిట్టపైకి ఎరను విసిరి, ఎంత దూరం వేశానో చూడండని మురిసిపోయేవారిని చాలామందిని చూశాను. ఇక విసిరినప్పుడు స్పిన్నింగ్ రీల్‌లో లైన్ చుట్టిన స్పూల్ కదలదు, లైన్ మాత్రమే జారిపోతుంది; మల్టిప్లయర్‌లో స్పూలే తిరుగుతుంది. గుండు నీటిని తాకినా స్పూల్ తనంతట తాను ఆగదు. బొటనవేలు క్షణం ఆలస్యంగా పడితే లైన్ అంతా పిచ్చుక గూడవుతుంది. చీకట్లో తల దీపం వెలుగులో ఆ చిక్కు విప్పుతూ కూర్చోవడం కొత్తవారికి అవసరమా? 10 అడుగుల రాడ్, 6000 సైజు స్పిన్నింగ్ రీల్, దాని మీద 30 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిక లైన్) చాలు.

తీరరేఖ:
ఏ రీలైనా సరే, ఇంటికి రాగానే మంచినీళ్లతో మెల్లగా కడగండి. గొట్టంతో ఒత్తిడిగా కొడితే ఉప్పూ ఇసుకా లోపలికి పోతాయి.

బారుకర్ర:
మీరు చెప్పిన ఆ లోతు ఎప్పుడూ కాళ్ల దగ్గరే ఉంటుందా? పల్లపు వాలు లేని చదునైన తీరంలో ఆటు సమయంలో నీరు ఎంత వెనక్కి పోతుందో మీకు తెలియనిది కాదు. అప్పుడు మీ 10 అడుగుల రాడ్‌తో వేసిన ఎర మోకాటి లోతులో పడుతుంది.

ఉప్పునీరు:
అప్పుడు పోటు వచ్చేదాకా ఆగుతాను. మీవంటి వారి సలహా విని నేనూ మొదట 14 అడుగుల రాడ్ కొన్నాను. అది నా బలానికి వంగలేదు. వంగని రాడ్ గుండును విసరదు, ఆ బరువంతా విసిరేవాడి భుజం మీదే పడుతుంది. కుడి భుజం పట్టేసి ఒక కాలమంతా ఒడ్డుకే వెళ్లలేకపోయాను. నాకు ఆ రాడ్ అంటగట్టిన పెద్దమనిషి మాత్రం, సాధన చాలలేదని తేల్చేశారు.

సీసపుగుండు:
ఇద్దరూ షాక్ లీడర్ (విసురు దెబ్బను తట్టుకోవడానికి లైన్ కొసకు కట్టే బలమైన లైన్) మాటే ఎత్తలేదు. విసిరే ఊపుకు లైన్ తెగితే ఆ గుండు ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం. ప్రతి 28 గ్రాముల గుండుకు 10 పౌండ్ల బలం చొప్పున లీడర్ ఉండాలన్నది పాత లెక్క. 150 గ్రాములకు 50 పౌండ్లు దాటుతుంది. విసిరే ముందు రీల్ మీద లీడర్ నాలుగైదు చుట్లయినా ఉండాలి.

బారుకర్ర:
లీడర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉప్పునీరు గారు, మీ భుజం నొప్పికి రాడ్‌ను నిందించడం న్యాయం కాదు. పద్ధతిగా నేర్చుకోకపోతే ఏ పనిముట్టైనా బాధే పెడుతుంది. ఓపిక లేనివారు చెరువు గట్టునే ఉండవచ్చు.

ఉప్పునీరు:
మీ అసలు ఉద్దేశం ఇప్పుడు బయటపడింది. ప్రశ్న అడిగినవారి ఎత్తెంత, చేతి బలమెంత, ఏ రకం ఒడ్డున నిలబడతారు అని మీరు ఒక్కమాటైనా అడిగారా? మీ ఒంటికి సరిపోయిన కొలతను లోకమంతటికీ కొలతగా చెబుతున్నారు.

బారుకర్ర:
మీరు మాత్రం అడిగారా? సరే, నా ఉద్దేశమే చెబుతాను. పనిముట్టును నిర్ణయించేది మనిషి కాదు, సముద్రం. పక్కవాటు ప్రవాహం బలంగా ఉన్నప్పుడు 60 గ్రాముల గుండు దొర్లుకుంటూ ఒడ్డుకు తిరిగివస్తుంది. మీరు అలసిపోయారని ప్రవాహం తగ్గదు. నీరు అడిగిన బరువును విసరలేని రాడ్ ఎంత సుఖంగా చేతిలో ఇమిడినా దాని వల్ల ప్రయోజనం లేదు.

ఉప్పునీరు:
విసరలేని బరువును సముద్రం అడిగితే ఆ రోజు ఇంటికి పోవాలి. మన తేడా అక్కడే ఉంది.

కొత్తగాలం:
ముందే చెప్పవలసింది. నా ఎత్తు 5 అడుగులకు కాస్త పైన. మా ఒడ్డు నిటారుగా దిగుతుంది, లోతు దగ్గరే. అయితే పక్కవాటు ప్రవాహం మాత్రం బలంగానే ఉంటుంది.

సీసపుగుండు:
అలాగైతే దూరం కన్నా నిలకడ ముఖ్యం. నున్నటి గుండు జారిపోయే చోట తీగల కొక్కేలున్న గుండు ఇసుకను పట్టుకుని నిలుస్తుంది. ఆ తీగలతో 110 గ్రాములది వాడి చూడండి. దానికి 11 అడుగుల రాడ్ చాలు. స్పిన్నింగ్ రీల్‌లో లైన్‌ను స్పూల్ అంచుకు 2 మిల్లీమీటర్ల కిందివరకు నింపండి. వెలితిగా ఉంటే లైన్ అంచుకు రాసుకుని, విసురు పొట్టిదవుతుంది.

బారుకర్ర:
12 అడుగులు.

ఉప్పునీరు:
కొనేముందు రాడ్ మడమను (కింది కొసను) చంకలో పెట్టుకుని చేయి చాపండి. రీల్ బిగించే చోటు సుమారుగా మీ అరచేతికి అందాలి. అందకపోతే, అది 11 అయినా 12 అయినా తిరిగి ఇచ్చేయండి.

బారుకర్ర:
ఆ పరీక్ష సరైనదే. అయితే అది మడమ నుంచి రీల్ దాకా ఉన్న కొలతను చెబుతుంది గానీ రాడ్ మొత్తం పొడవును కాదు.