సీఎస్‌వీలో ఫ్రెంచ్ పేర్లు, తెలుగు పేర్లు రెండూ చెత్తగా వస్తున్నాయి

మియాపూర్_డేటా:
లైబ్రరీ కేటలాగ్ సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ పట్టిక) ఎక్సెల్‌లో తెరిస్తే, ఫ్రెంచ్ రచయితల పేర్లలో ఇంగ్లిష్ 'ఈ' మీద గీత ఉన్న ప్రతిచోటా రెండేసి పిచ్చి గుర్తులు. తెలుగు పుస్తకాల పేర్లయితే పూర్తిగా చెత్తే. ఇంకా సేవ్ చేయలేదు.

బైట్_బాబాయ్:
చేయకండి, అలాగే మూసేయండి. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ఫైల్లో అక్షరాలు బైట్లుగా, అంటే 0 నుంచి 255 దాకా నంబర్లుగా ఉంటాయి. ఏ అక్షరానికి ఏ బైట్లో చెప్పే పద్ధతే ఎన్‌కోడింగ్. మీ ఫైలుది యూటీఎఫ్-8, ఎక్సెల్ దాన్ని పాత విండోస్-1252 అనుకుని చదివింది. ఆ ఫ్రెంచ్ అక్షరం 1252లో 233, ఒకటే బైటు. యూటీఎఫ్-8లో 127 దాటిన దేనికీ ఒక్క బైటు చాలదు. దీనికి 195, 169 అని రెండు. వాటిని 1252 లెక్కన విడివిడిగా చదివితే మొదటిది నెత్తిన టిల్డే పెట్టుకున్న పెద్ద 'ఏ', రెండోది ©. మన 'క'కి మూడు: 224, 176, 149. అందుకే తెలుగు చెత్తలో గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ 'ఏ', దాని పక్కనే ° లేదా ± పదేపదే కనబడతాయి.

చిక్కడపల్లి_డీటీపీ:
ఆ ° ± వరస లేకుండా రకరకాల గీతల అక్షరాలుంటే అది వేరే రోగం. అనూ లాంటి పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ అన్నమాట. తెలుగు ముక్కల్ని ఆ గీతల అక్షరాల నంబర్లలో కూర్చోబెట్టారు. ఎన్‌కోడింగ్ ఎంత మార్చినా లాభం లేదు. ఆ ఫాంట్ కన్వర్టర్‌లో వేసి, వత్తుల దగ్గర ప్రూఫ్ జాగ్రత్తగా చూసుకోవాలి.

కూకట్‌పల్లి_కోడర్:
చెత్తగానే సేవ్ అయిపోయిన ఫైళ్లకు: పైథాన్‌లో టెక్స్ట్‌ని సీపీ1252కి ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లను యూటీఎఫ్-8గా డీకోడ్ చేయండి. తెలుగుకి ఒక గండం ఉంది. 1252లో 129, 141, 143, 144, 157 ఖాళీ స్థానాలు. కొమ్ము చివరి బైటు 129, పొల్లుది 141, తెలుగు 'ఏ'ది 143, 'ఐ'ది 144, 'ఝ'ది 157! కొమ్ము, పొల్లు లేని తెలుగు వాక్యం ఎక్కడుంది? కొన్ని ప్రోగ్రాములు వాటిని కంట్రోల్ క్యారెక్టర్లుగా దాచిపెడతాయి. అప్పుడు సీపీ1252 ఎర్రర్ కొడుతుంది. ఆ ఐదింటి వరకు లాటిన్-1 (1252 లాంటిదే, కానీ ఆ ఖాళీల్లేని పద్ధతి) వాడితే సరిపోతుంది. ప్రశ్నార్థకాలు పెట్టేసి ఉంటే మాత్రం కొమ్మో పొల్లో తేల్చలేం, అసలు ఫైలు వెతుక్కోవాల్సిందే.

మియాపూర్_డేటా:
65001తో అన్నీ బాగొచ్చాయి, థ్యాంక్స్ బాబాయ్. కానీ 'హైదరాబాద్' అని వెతికితే కొన్ని వరుసలు దొరకట్లేదు. కంటికి తేడా లేదు.

బైట్_బాబాయ్:
అది నార్మలైజేషన్ తంటా, అంటే ఒకే అక్షరాన్ని యూనికోడ్ నంబర్లలో రెండు రకాలుగా రాయొచ్చు. ఆ ఫ్రెంచ్ అక్షరాన్ని 233గా రాయొచ్చు, లేదా మామూలు ఇంగ్లిష్ 'ఈ' (101) తర్వాత 769 అనే విడి గీత పెట్టొచ్చు. తెలుగులో ఈ పేచీ ఒక్క ఐత్వానికే ఉంది: 3144 ఒక్కటే, లేదా ఎత్వం 3142 పక్కన 3158. మన ఊరి పేరు మొదటి అక్షరానికే పడింది! పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌కి 'ఎన్‌ఎఫ్‌సీ' (విడి ముక్కల్ని కలిపి ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) ఇవ్వండి. డేటాకి చేసి, వెతికే మాటకి చేయకపోతే మళ్లీ మొదటికే.

కూకట్‌పల్లి_కోడర్:
అప్పటికీ దొరక్కపోతే 8204 చూడు భయ్యా, అదే అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని నాన్ జాయినర్. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని ముట్టుకోదు. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి అందులోనే తీసెయ్. అసలు కాలమ్‌లో తీస్తే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయిపోతుంది.

ఇంకోటి, తిరిగి 'సీఎస్‌వీ యూటీఎఫ్-8'గా సేవ్ చేస్తే ఎక్సెల్ ఫైలు మొదట్లో 239, 187, 191 అని మూడు బైట్లు చేరుస్తుంది. పైథాన్‌లో మామూలు యూటీఎఫ్-8తో చదివితే మొదటి కాలమ్ పేరుకి అవి అంటుకుని, ఆ పేరుతో పిలిస్తే కీ ఎర్రర్ (ఆ పేరే లేదనే తప్పు) వస్తుంది. 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇచ్చి చదువు.