టీడీఏ7294 ఆంప్‌లో హమ్ పోవట్లేదు, కండెన్సర్లు మార్చినా అంతే

కృష్ణలంక_సౌండ్:
అందరికీ నమస్కారం అండి. మాది విజయవాడ కృష్ణలంక. ఇంట్లో నాన్నగారి పాత స్పీకర్ బాక్సులు రెండున్నాయి, 8 ఓమ్స్‌వి, వాటికోసం టీడీఏ7294 చిప్పులతో స్టీరియో ఆంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్) కట్టా. 24-0-24 5 ఆంపియర్ల మామూలు చదరం ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే 35 ఆంపియర్ల బ్రిడ్జి, రెండు వైపులా 10,000 మైక్రోఫారడ్ కండెన్సర్లు, బోర్డులు రెండూ గవర్నర్‌పేటలో రెడీమేడ్‌వే తెచ్చా. డీసీ ప్లస్ 34, మైనస్ 34 వస్తుంది, అవుట్‌పుట్‌లో డీసీ చూస్తే ఒకదానికి 8 మిల్లీవోల్టులు ఇంకోదానికి 11, అంటే అక్కడ బానే ఉంది. పాట పెడితే సౌండ్ చాలా బాగుంది. కానీ పాట ఆగిందంటే చాలు గుయ్య్ మని హమ్. వాల్యూమ్ సున్నాలో పెట్టినా ఉంది, సగానికి తిప్పితే ఇంకా పెరుగుతుంది, పూర్తిగా తిప్పితే మళ్ళీ కొంచెం తగ్గుతుంది, ఇదేంటో నాకర్థం కాలేదు. సెట్‌టాప్ బాక్స్ పిన్ను పెడితే ఇంక చెప్పక్కర్లేదు, గదంతా మోగుతుంది. ఫిల్టర్ చాల్లేదేమో అని కండెన్సర్లు తీసి 22,000 వేశా, రవ్వంత కూడా తగ్గలేదు, నా చెవికైతే పెరిగినట్టే ఉంది. ఇంకోటి, రాత్రిపూట ఎవరో మాట్లాడుతున్నట్టు సన్నగా వినిపిస్తుంది, ఇది నా భ్రమ కాదు, అమ్మ కూడా విన్నది. నాన్నగారు రాత్రి భోజనం అయ్యాక పాత పాటలు చాలా సన్నగా పెట్టుకుని వింటారు, ఆ సౌండ్‌లో ఈ హమ్ ఉంటే ఇంక కట్టి ఏం లాభం. ఎవరైనా దారి చెప్పండి ప్లీజ్.

సర్క్యూట్_పిచ్చి:
బ్రో నాకూ ఇదే వచ్చింది, పవర్ కార్డ్‌లో ఎర్త్ వైరు తీసెయ్, వెంటనే పోతుంది. నేను రెండేళ్ళుగా అలాగే వాడుతున్నా, ఏం కాలేదు.

పాతరేడియో:
తమ్ముడూ, ముందు ఆ పై మాట వినొద్దు, దయచేసి వినొద్దు. ఇనుప క్యాబినెట్‌లో 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ బిగించావు. రేపు లోపల ప్రైమరీ ఇన్సులేషన్ పోయి ఫేజు బాడీకి తగిలిందనుకో, ఎర్త్ ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుంది, అంతటితో సరి. ఎర్త్ లేకపోతే ఏదీ ఎగరదు, బాడీ మొత్తం కరెంటుతో నీ నాన్నగారి చెయ్యి కోసం కాచుకుని ఉంటుంది. బాడీకే కాదు, స్పీకర్ వైర్లకి, సెట్‌టాప్ బాక్స్ పిన్నుకి కూడా వచ్చేస్తుంది. హమ్ పోవడానికి వేరే దారులున్నాయి, ప్రాణం పోతే లేదు. ఎర్త్ వైరుని క్యాబినెట్‌కి పెయింటు గీకి, నట్టు బోల్టుతో, వాషర్ వేసి గట్టిగా బిగించు, దాని జోలికి మళ్ళీ ఎవరూ వెళ్ళకూడదు.

ఇప్పుడు అసలు విషయం. నేను సత్యనారాయణపురంలో ముప్పై ఏళ్ళుగా రిపేర్లు చేస్తున్నా. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ దగ్గర ఒక హమ్ కాదు, రెండు మూడు కలిసిపోయి ఉన్నాయి, విడదీస్తే గానీ పట్టుకోలేవు. ముందు ఆఫ్ చేసి బోర్డు దగ్గర ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి చిన్న వైరు ముక్కతో షార్ట్ చెయ్యి, వాల్యూమ్ కంట్రోల్ దగ్గర కాదు, బోర్డు మీదే. ఆన్ చెయ్యి. హమ్ ఉందా, ఉంటే ఎంత. తర్వాత షార్ట్ తీసి వాల్యూమ్ సగంలో పెట్టి బయట పిన్నులేమీ లేకుండా విను. ఆఖరికి సెట్‌టాప్ బాక్స్ పెట్టి, అది ఆన్‌లో ఉండగానే దాని వెనక కేబుల్ టీవీ వైరు విప్పి విను. మూడూ రాసుకొచ్చి చెప్పు. ప్రతిసారీ మూత తీసి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టే చెయ్యి, బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే మంచిదే, వెలుగుతూ ఉండిపోతే వెంటనే ఆపేసెయ్. ఒకటి అడగడం మర్చిపోయా, చిప్పులకి హీట్ సింక్ మధ్యలో కరెంటు దాటకుండా ఆపే మైకా ముక్క వేశావా?

కృష్ణలంక_సౌండ్:
థాంక్స్ మాస్టారు. ఎర్త్ తియ్యను. మైకా వేశా, బోల్టుకి ప్లాస్టిక్ బుష్ కూడా వేశా. మీరు చెప్పినట్టే చేశా. బోర్డు దగ్గర షార్ట్ చేస్తే హమ్ సగానికి పైగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, బరబర మని గరుగ్గా ఉంది. షార్ట్ తీసి వాల్యూమ్ సగంలో పెడితే మెత్తగా బొయ్య్ మని ఇంకో రకం. సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ విప్పగానే ఆ పెద్ద సౌండ్ టక్కున ఆగిపోయింది! కేబుల్ విప్పేస్తే టీవీ రాదు కదా మరి.

బ్రాడీపేట_సోల్డర్:
గుంటూరు నుంచి. మాస్టారు చేయించిన టెస్టులకి సమాధానం నేను కొంచెం రాస్తా, నేను ఇదే చిప్పుతో ఇదే బాధ పడ్డా కాబట్టి.

ఆ గరుకు సౌండు 100 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జి దాటాక కండెన్సర్లు సెకనుకి 100 సార్లు ఛార్జ్ అవుతాయి. ఆ ఛార్జింగ్ నిదానంగా జరగదు, వోల్టేజీ శిఖరం దగ్గర కొద్దిసేపే, ఒక్కసారిగా గుంజుతుంది. నీ చిప్పులు రెండూ ఊరికే కూర్చున్నప్పుడు సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తాగుతాయి అనుకుందాం, కానీ ఆ గుంజే క్షణంలో కరెంటు దానికి ఎన్నో రెట్లు, అర ఆంపియర్ అనుకో. అర చదరపు మిల్లీమీటర్ రాగి వైరు ఒక అడుగుకి 10 మిల్లీ ఓమ్స్ రెసిస్టెన్స్ ఉంటుంది. అర ఆంపియర్ దాంట్లో పోతే 5 మిల్లీవోల్టులు. చిన్నదే అనిపిస్తుంది, కానీ ఈ బోర్డుల్లో 22 కిలో ఓమ్స్, 680 ఓమ్స్ రెసిస్టర్లతో గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచేది, 33 రెట్లు. నీ ఇన్‌పుట్ గ్రౌండ్ ఆ వైరు మీద కలిసి ఉంటే ఆ 5 కాస్తా స్పీకర్ దగ్గర 165 అవుతుంది. నువ్వు పెద్ద కండెన్సర్ వేస్తే గుంజే టైము ఇంకా సన్నబడి కరెంటు ఎత్తు పెరుగుతుంది, అందుకే పెరిగినట్టు అనిపించింది, నీ చెవి కరెక్టే. అసలు కండెన్సర్ మీద ఉండే రిప్పుల్‌ని, అంటే డీసీలో మిగిలిపోయే అలల్ని, ఈ చిప్పు లోపలే బాగా అణిచేస్తుంది, కాబట్టి 10,000 చాలు నీకు.

నాకు తెలిసి నువ్వు ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ వైరు (24-0-24లో ఆ మధ్య సున్నా వైరు) కండెన్సర్ల మధ్య ఒకచోట, బోర్డు గ్రౌండ్లు, స్పీకర్ నెగెటివ్‌లు ఇంకోచోట, దారిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కలిపి ఉంటావు. సెంటర్ ట్యాప్‌ని, రెండు కండెన్సర్ల కాళ్ళు కలిసేచోటికి ఒక లావు వైరుతో కలిపెయ్యి. అక్కడి నుంచి రెండంగుళాల ముక్క ఒకటి పక్కకి తీసి, దాని కొసన స్టార్ పాయింట్, అంటే గ్రౌండ్లన్నీ కలిసే ఒకే చోటు, పెట్టు. బోర్డుల గ్రౌండ్లు, స్పీకర్ నెగెటివ్‌లు అన్నీ ఆ కొసకే రావాలి, ఒక్కొక్కటి విడివిడిగా. ఛార్జింగ్ కరెంటు ఆ రెండంగుళాల ముక్కలోకి రాదు, అదే కిటుకు.

సగంలో పెరిగే మెత్తని హమ్ వాల్యూమ్ కంట్రోల్‌ది. 50 కిలో ఓమ్స్‌ది వేశావు కదూ? సగంలో ఉన్నప్పుడు దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ అన్నిటికన్నా ఎక్కువ, 12.5 కిలో ఓమ్స్, అక్కడి నుంచి బోర్డుకి మామూలు వైరు లాగితే అది యాంటెన్నా లాంటిదే. 10 కిలోలది వేసి, పైన లోహపు తొడుగున్న షీల్డు వైరు వాడు, ట్రాన్స్‌ఫార్మర్‌కి వీలైనంత దూరంగా పెట్టు.

పాతరేడియో:
చక్కగా చెప్పాడు. కేబుల్ సంగతి నేను చెప్తా. కేబుల్ టీవీ వాళ్ళ వైరు పైతొడుగు ఎక్కడో స్తంభం దగ్గరో, ఏ ఇంటి దగ్గరో భూమికి కలిసి ఉంటుంది. నీ ఆంప్ మీ ఇంటి ఎర్త్‌కి కలిసింది. ఆ రెండు భూములూ ఒకటి కాదు, మధ్యలో తేడా వోల్టేజీ ఉంటుంది, అది నీ ఆడియో పిన్ను తొడుగులోంచి పారుతుంది. దీనికి ఎర్త్ తియ్యకుండా చేసేది ఏంటంటే, క్యాబినెట్‌కి ఎర్త్ డైరెక్ట్‌గానే ఉంచు, నీ స్టార్ పాయింట్‌ని మాత్రం క్యాబినెట్‌కి 10 ఓమ్స్ 5 వాట్ల రెసిస్టర్ ద్వారా కలుపు, దానికి పక్కనే ఇంకో 35 ఆంపియర్ల బ్రిడ్జి పెట్టు, ప్లస్ మైనస్ కాళ్ళు కలిపేసి, రెండు ఏసీ కాళ్ళలో ఒకటి స్టార్‌కి, ఒకటి క్యాబినెట్‌కి. చిన్న తేడా వోల్టేజీకి 10 ఓమ్స్ అడ్డం పడుతుంది, నిజంగా ఫేజు తగిలితే డయోడ్లు దారి ఇచ్చి ఫ్యూజుని ఎగరగొడతాయి. ఇన్‌పుట్ సాకెట్లు క్యాబినెట్‌కి తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు వెయ్యాలి, లేకపోతే ఇదంతా దండగ. అది పెట్టేముందు మీటర్‌తో హీట్ సింక్‌కీ చిప్పు రేకుకీ మధ్య కంటిన్యుటీ లేదని మళ్ళీ చూడు, ఈ చిప్పు వెనక రేకు మైనస్ 34 మీద ఉంటుంది.

రాత్రి మాటలు భ్రమ కాదు. బహుశా మీడియం వేవ్ రేడియో. ఒకప్పుడు ఓ గుడి మైక్ సెట్టులో ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అచ్చంగా ఇలాగే వచ్చేది, పూజారిగారు హడలిపోయారు. బోర్డు ఇన్‌పుట్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 470 పికోఫారడ్ సిరామిక్, చిప్పు కాలికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా.

సర్క్యూట్_పిచ్చి:
మాస్టారు, మీరు రాసింది చదివి భయమేసింది. మా ఇంట్లో చిన్న పిల్లలున్నారు. ఇప్పుడే ప్లగ్గు తీసేశా, ఎర్త్ వైరు వేసి ఈ రెసిస్టర్ బ్రిడ్జి పెట్టేదాకా ఆన్ చెయ్యను. అలా చెప్పినందుకు సారీ తమ్ముడూ.

కృష్ణలంక_సౌండ్:
అందరికీ అప్‌డేట్. రెండు ఆదివారాలు పట్టింది. వైరింగ్ మొత్తం పీకేసి స్టార్ పాయింట్‌తో మళ్ళీ చేశా, గరుకు సౌండ్ దాదాపు పోయింది, ఊఫర్ దగ్గర చెవి ఆనిస్తే తప్ప తెలీదు. 10 కిలోల వాల్యూమ్, షీల్డు వైరు వేశాక కూడా ఎడమ వైపు కొంచెం ఉండిపోయింది, ఆఫ్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు విప్పి పక్కకి తిప్పి బిగించి చూస్తే అదీ తగ్గింది. సెట్‌టాప్ బాక్స్ పెట్టినా ఇప్పుడు నిశ్శబ్దం. 470 పికో ఇంకా వెయ్యలేదు, మాటలు మాత్రం నిన్న రాత్రి కూడా వినిపించాయి, రేపు వేస్తా. నాన్నగారు నిన్న భోజనం అయ్యాక గంటన్నర కూర్చున్నారు, మధ్యలో ఒక పాట అయ్యాక ఆన్‌లో ఉందా ఆపేశావా అని అడిగారు.

పాతరేడియో:
సంతోషం తమ్ముడూ. మూత బిగించే ముందు ఒక గంట సౌండ్ పెంచి వాయించి హీట్ సింక్ మీద చెయ్యి పెట్టి చూడు, పట్టుకోలేనంత వేడెక్కితే ఇంకా పెద్దది కావాలి, మన ఎండాకాలం గది వేడి కూడా కలుస్తుంది. 470 వేశాక మాటలు పోయాయో లేదో ఇక్కడే రాయి.