రిజిస్ట్రేషన్ లేని పెట్ షాప్ మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

మా వీధి చివర ఉన్న పెట్ షాప్‌లో కుక్కపిల్లల్ని ఇరుకు బోనుల్లో పెడుతున్నారు. అవి సరిగ్గా నిలబడి తిరగడానికి కూడా చోటు లేదు. మధ్యాహ్నం మూడింటికి షట్టర్ సగం దించేస్తారు, నీళ్ల గిన్నెలు ఖాళీ. రెండు కుక్కపిల్లలకు విరేచనాలు అవుతున్నాయి, అయినా మిగతా వాటితోనే ఉంచారు. కొన్నింటికి నాలుగైదు వారాలే అని షాపువాళ్లే చెప్పారు. 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ ఎక్కడా కనిపించలేదు, అడిగితే "మీకెందుకండీ" అన్నారు.

ఫొటోలు, తేదీతో వీడియో ఉన్నాయి. పోలీస్ స్టేషన్‌లో ఇస్తే, 1960 జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద ఇరుకు బోను నాన్ కాగ్నిజబుల్ నేరం, కోర్టు అనుమతి లేకుండా కేసు పెట్టలేమన్నారు. పశువైద్యశాలలో అడిగితే అది బోర్డు పని అన్నారు. బోర్డుకు మెయిల్ చేశాను, జవాబు లేదు.

అదే చట్టం సెక్షన్ 36 ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు వేయాలి. అదే నా టెన్షన్. పైగా ఆ జబ్బు పిల్లలు అంతవరకు బతుకుతాయో లేదో.

ఇలాంటి షాప్‌ను నిజంగా తనిఖీ చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: లిఖితపూర్వక ఫిర్యాదు ఏ అధికారికి ఇస్తే తనిఖీకి వచ్చారు?