‘సుషీ ఫర్ వన్?’ నవల్లో బామ్మకి అన్యాయం జరిగిందా?

చీరాల_చిన్నది
అందరికీ హాయ్. క్యామీ టాంగ్ రాసిన ‘సుషీ ఫర్ వన్?’ ఇక్కడ ఎవరైనా చదివారా? 2007లో జాండర్వన్ వాళ్ళు వేసిన క్రిస్టియన్ రొమాన్స్, సుషీ సిరీస్‌లో మొదటిది. చదవనివాళ్ళ కోసం కథ టూకీగా చెప్తా. హీరోయిన్ లెక్స్ సకాయ్, జపనీస్ అమెరికన్, కాలిఫోర్నియా అమ్మాయి, వాలీబాల్ అంటే ప్రాణం. కజిన్ మరికో పెళ్ళి అయిపోతే ఇక ఆ వంశంలో పెళ్ళికాని ఆడపిల్లల్లో తనే పెద్దది. బామ్మ ఊరుకోదు కదా. లెక్స్ కోచింగ్ ఇచ్చే ఆడపిల్లల టీమ్‌కి డబ్బు పెట్టేది ఆవిడే, మరికో పెళ్ళినాటికి ఒక అబ్బాయిని చూసుకోకపోతే ఆ డబ్బు ఆపేస్తా అంటుంది. లెక్స్ ఏమో బైబిల్ స్టడీలో ఎఫెసీయుల పత్రిక చదివి కాబోయేవాడికి ఏమేం లక్షణాలుండాలో లిస్ట్ రాసుకుని కూర్చుంటుంది. తీరా ఎదురయ్యేవాడు ఏడెన్ అనే ఫిజికల్ థెరపిస్ట్, అతను విశ్వాసి కాడు.

పుస్తకం నాకు నచ్చింది, అది ముందే చెప్తున్నా. ఈ రకం నవలల్లో హీరోయిన్ అంటే ఎప్పుడూ తెల్లమ్మాయే, గోధుమ చేలు, గుర్రపుబండి, ఊరి చివర చెక్క చర్చి. అందులో ఒక జపనీస్ అమ్మాయి, అదీ వంటింట్లో కాదు వాలీబాల్ కోర్టులో, చూస్తే ఎంత హాయిగా అనిపించిందో. కానీ బామ్మ దగ్గరికొచ్చేసరికి మనసు ఒప్పుకోవట్లేదు. ఆవిడ కనపడినప్పుడల్లా పెళ్ళి గోలే, బెదిరింపే. ఆ కుటుంబంలో లెక్స్, ఇంకో ముగ్గురు కజిన్స్ దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళు, బామ్మ కాదు. అంటే కుటుంబం వైపు ఒత్తిడంతా పెట్టేసి, విశ్వాసం వైపు ఊపిరంతా పెట్టేసినట్టు అనిపించింది నాకు. మీరేమంటారు?

పుస్తకాల_పిచ్చి
అన్యాయం ఏముందండీ ఇందులో, ఉన్నదే రాసింది. ముప్పై దగ్గరపడుతున్న ఆడపిల్ల పెళ్ళికో ఫంక్షన్‌కో వెళ్తే జరిగేది ఇదే, మనకి తెలీదా ఏంటి, భోజనాల బంతిలో కూర్చున్న ప్రతి పిన్నీ ప్రతి పెద్దమ్మా అడిగేది ఒకటే మాట. నేను చదువుతున్నంతసేపూ ఇది జపనీస్ వాళ్ళ కథ అని గుర్తే రాలేదు, మా ఇంట్లో కథ లాగే చదివేశా. రచయిత్రి కూడా బయటినుంచి చూసి రాసిన మనిషి కాదు, ఆవిడే జపనీస్ అమెరికన్, హవాయిలో పుట్టి పెరిగింది. సొంత ఇంటి బామ్మని కాస్త చిలిపిగా చూపించే హక్కు ఆవిడకి లేకపోతే ఇంకెవరికుంది?

నల్గొండ_రీడర్
నేను క్రిస్టియన్ కాదు, ఫ్రెండ్ ఇస్తే చదివిన. నాకు బామ్మ కన్నా ఏడెన్ సంగతే ఎక్కువ బాధనిపించింది. లెక్స్ మోకాలి లిగమెంట్ తెగి ఆట ఆగిపోతే మళ్ళ నిలబెట్టే పనిలో ఉన్నోడు ఆయన, ఓపికున్నోడు, మంచోడు. గంత మంచోడైనా విశ్వాసంలకి వచ్చినంకనే కథ ఒడ్డుకు చేరుతది. అంటే మంచితనం సరిపోదా? ఇంకొకటి, బామ్మ నమ్మకం ఏందో, ఎందుకు దాన్ని పట్టుకోనుందో కథకు పట్టలేదు. వేరే మతం అనేది ఈ నవలల్ల వదిలేసి రావాల్సిన ఊరు లెక్కనే ఉంటదా ఎప్పుడు? కోపంతోని అడుగుతలేను, నిజంగనే తెలుసుకుందామని.

బ్రదర్_ప్రసాద్
వందనాలు. నల్గొండ గారూ, మీ ప్రశ్న న్యాయమైందే, దానికి నా జవాబు కాస్త పెద్దది, ఓపికగా చదవండి. ఈ నవలలు విశ్వాసులు విశ్వాసుల కోసం రాసుకున్నవి. జానెట్ ఓక్ 1979లో ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ రాసిన దగ్గర్నుంచి ఈ దారి ఇలాగే ఉంది, పడకగది సీన్లు ఉండవు, బూతులు ఉండవు, హీరో హీరోయిన్లలో ఎవరో ఒకరికి దేవుడితో లెక్క తేలాలి. 2 కొరింథీ 6:14లో “మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి” అని ఉంది, ఆ మాటని జీవితంలో పాటించే అమ్మాయి ప్రేమలో పడితే ఏమవుతుంది అన్నదే ఇక్కడ కథకి ప్రాణం. దాన్ని తీసేస్తే మిగిలేది మామూలు ప్రేమకథ, అవి బయట బోలెడున్నాయి.

అయితే మీకు తెలియాల్సింది ఒకటుంది, అబ్బాయి మారడం గురించి మా వాళ్ళే గట్టిగా కొట్లాడుకుంటారు. అమ్మాయి కోసం మారాడా, దేవుడి కోసం మారాడా అని. మన తెలుగు సంఘాల్లో కూడా పెళ్ళి ముహూర్తం పెట్టుకుని దానికి ముందు వారం బాప్తిస్మం అడిగేవాళ్ళు ఉంటారు, నిజాయితీ ఉన్న పాస్టర్ గారైతే వెంటనే ఇవ్వరు, ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఏ నవలైనా ఆ మార్పుని చివరి పేజీల్లో గబగబా తేల్చేస్తే నాకూ నచ్చదు. కానీ ఇందులో లెక్స్ అతన్ని లాగలేదు, దూరం పెట్టింది. అది నాకు నచ్చింది. బామ్మ ఒత్తిడికి లొంగి ఎవర్నో ఒకర్ని చేసుకోలేదు, ఇష్టమైనవాడి కోసం నమ్మకాన్ని వదల్లేదు. రెండువైపులా నిలబడింది.

సన్నీవేల్_సుధ
ఈ చర్చలో నాకు చాలా చెప్పాలనుంది. మేం ఉండేది శాన్ హోసే జపాన్‌టౌన్‌కి దగ్గర్లోనే. అమెరికా మొత్తంలో పాత జపాన్‌టౌన్‌లు మిగిలింది మూడే, లాస్ ఏంజలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే. ఇక్కడ నార్త్ ఫిఫ్త్ స్ట్రీట్‌లో పెద్ద బౌద్ధ మందిరం ఉంది, అదే వీధిలో కాస్త అవతల జపనీస్ వాళ్ళు మొదలుపెట్టిన వెస్లీ మెథడిస్ట్ చర్చి ఉంది. జూలైలో ఓబోన్ పండగకి వీధంతా డాన్సులు, అన్ని రకాల జనం వస్తారు.

ఇప్పుడు బామ్మ వయసు లెక్కేయండి. 2007 నాటికి ముప్పై ఏళ్ళ మనవరాలుంటే ఆవిడకి ఎనభై దగ్గర్లో ఉండాలి. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా 1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆర్డర్ 9066 మీద సంతకం పెట్టాక పడమటి తీరంలో ఉన్న జపనీస్ వాళ్ళని దాదాపు 1,20,000 మందిని క్యాంపుల్లో పెట్టారు, చేతికి అందిన సూట్‌కేసులు తప్ప ఇళ్ళూ పొలాలూ షాపులూ అన్నీ వదిలేసి వెళ్ళారు. కాలిఫోర్నియాలో ఆ వయసు ఆడవాళ్ళలో దాన్ని దాటి రానివాళ్ళు తక్కువ. ప్రభుత్వం క్షమాపణ చెప్పి బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇస్తామని చట్టం చేసింది 1988లో, అప్పటికి చాలామంది పోయారు. అలాంటి తరం మనిషి కుటుంబం నిలబడాలి, పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకోవాలి, మునిమనవలు పుట్టాలి అని పట్టుబడితే అందులో పెత్తనం ఒక్కటే ఉందనుకోలేను. ఆ తరంలో ఎంతోమంది నమ్ముకున్న బౌద్ధం సంగతి కూడా అంతే, అది వాళ్ళకి ఇంట్లో మూలన పెట్టుకున్న బొమ్మ కాదు. ఇక్కడి జపనీస్ వాళ్ళ బౌద్ధ సంఘం పేరు మార్చుకుని ‘బుద్ధిస్ట్ చర్చెస్ ఆఫ్ అమెరికా’ అయ్యింది 1944లో, యూటాలో టోపాజ్ క్యాంపులో ఉండగా. మేమూ ఈ దేశం వాళ్ళమే అని చూపించుకోవాల్సి వచ్చిన రోజులవి. నవల్లో ఆ బరువు నాకు కనపడలేదు. చిన్నది గారూ, మీ మాటే నా మాట.

పుస్తకాల_పిచ్చి
సుధ గారూ మీరు చెప్పిన చరిత్ర చదువుతుంటే గుండె బరువెక్కింది, నిజం. కానీ ఇది నవ్వించే రొమాన్స్, దీని మీద అంత బరువు మోపితే ఎలా? తెల్లమ్మాయి హీరోయిన్ అయితే వాళ్ళ బామ్మ ఏ కరువు దాటొచ్చిందో చెప్పమని ఎవరూ అడగరు. ఆసియా అమ్మాయి అనేసరికి వంశ చరిత్ర మొత్తం మోయాలా? ఆమెకి కూడా ఊరికే ప్రేమించే, ఊరికే వాలీబాల్ ఆడుకునే వీలుండాలి కదా.

అసలు ఆ మార్కెట్ ఎలాంటిదో చూడండి. సదరన్ బాప్టిస్టుల ప్రచురణ సంస్థ లైఫ్‌వే వాళ్ళు 2004లో పిల్లలకి సెలవుల్లో పెట్టే వెకేషన్ బైబిల్ స్కూల్‌కి ‘రిక్షా ర్యాలీ’ అని థీమ్ పెట్టారు, ఆసియా అంటే రిక్షాలూ కిమోనోలూ అన్నట్టు. ఆసియా క్రైస్తవులు ఎంత మొత్తుకున్నా క్షమాపణ వచ్చింది 2013లో. ఈ నవల వేసిన జాండర్వనే ఇది వచ్చిన రెండేళ్ళకి, 2009లో, కుంగ్‌ఫూ బొమ్మలతో చైనా జపాన్ అన్నీ కలగలిపేసి ‘డెడ్లీ వైపర్’ అనే పుస్తకం అమ్ముతుంటే, సూంగ్ చాన్ రా లాంటి ఆసియా అమెరికన్ పాస్టర్లు, ప్రొఫెసర్లు నిలదీస్తే షాపుల్లోంచి వెనక్కి తీసుకుంది. అలాంటి చోట ఒక జపనీస్ అమెరికన్ రచయిత్రి తన వాళ్ళ తిండి, తన వాళ్ళ కజిన్స్, తన వాళ్ళ గోల తనే రాసి బయటికి తెచ్చింది. నాకు అది చాలా పెద్ద విషయం.

చీరాల_చిన్నది
పిచ్చి గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, రచయిత్రి మీద నాకు గౌరవమే. చరిత్ర పాఠం పెట్టమని కూడా అడగట్లేదు. నా గొడవ వేరే.

పెళ్ళి ఒత్తిడి నమ్మనివాళ్ళ వైపు నుంచే వస్తుంది, నమ్మినవాళ్ళ వైపు విడుదల ఉంటుంది, ఈ పంపకమే నాకు మింగుడు పడట్లేదు. మా మామ్మ లూథరన్. తెల్లారుజామున లేచి మోకాళ్ళ మీద ప్రార్థన చేసే మనిషి, నా పెళ్ళి గురించి నన్ను వేపుకు తిన్నది కూడా ఆవిడే, అదీ వాక్యం చూపించి మరీ. రిబ్కా కథ చెప్పేది, రూతు కథ చెప్పేది, ఆదివారం ఆరాధన అవ్వగానే చర్చి మెట్ల దగ్గరే సంబంధాలు మాట్లాడేసేది. ఉపవాస ప్రార్థనలో నా పేరు ఎత్తి “ఈ బిడ్డకి తగిన వరుణ్ణి” అని అందరితో ఆమెన్ అనిపించేది. నాకు ఎక్కడికి పారిపోవాలో తెలిసేది కాదు, ఎందుకంటే ఇల్లూ చర్చీ ఒకటే. చెడ్డది కాదు మా మామ్మ, నా చదువుకి ఫీజు కట్టింది కూడా ఆవిడే. లెక్స్ బామ్మ టీమ్‌కి డబ్బు పెట్టినట్టే.

అందుకే అంటున్నా, బామ్మని చర్చి బయట నిలబెట్టడంతో రచయిత్రికి పని తేలికైపోయింది. బామ్మ కూడా లెక్స్ పక్కనే బెంచీ మీద కూర్చుని అదే ఎఫెసీ పత్రిక చదివి, మనవరాలికి వేరే లిస్ట్ రాసి ఇచ్చి ఉంటే? అప్పుడు లెక్స్ ఎవరి మాట వినాలి? ఆ కథ ఇంకా కష్టంగా ఉండేది, మాలాంటివాళ్ళకి ఇంకా దగ్గరగా ఉండేది.

సన్నీవేల్_సుధ
చిన్నది గారూ, మీరన్నది ఊహ కూడా కాదు. 2012లో ప్యూ రిసెర్చ్ వాళ్ళ సర్వేలో జపనీస్ అమెరికన్లలో 38 శాతం క్రైస్తవులు, 25 శాతం బౌద్ధులు, 32 శాతం ఏ మతమూ చెప్పనివాళ్ళు. పొద్దున్నే చర్చికెళ్ళి మధ్యాహ్నం మనవరాలికి సంబంధం చూసే జపనీస్ బామ్మలు ఆ ఫిఫ్త్ స్ట్రీట్‌లోనే ఉంటారు.

బ్రదర్_ప్రసాద్
చిన్నమ్మా, నీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. సంఘంలో పెద్దవాళ్ళం వాక్యాన్ని ఇలా వాడతాం, దాచి లాభం లేదు. అయినా ఒకటి చెప్పాలి. లెక్స్ మీద వెనక ఎప్పుడో అత్యాచారం జరిగింది, దానివల్ల మగవాడు దగ్గరికొస్తే బిగుసుకుపోతుంది, ఆ లిస్ట్ కూడా ఒక రకంగా ఆమె కట్టుకున్న గోడే. 2007లో క్రిస్టియన్ షాపులో అమ్మే నవ్వుల పుస్తకంలో ఆ సంగతి దాచకుండా పెట్టడానికి ధైర్యం కావాలి. మన సంఘాల్లో ఆ మాట పైకి అనడానికే భయం. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైంది అదే, బామ్మ సంగతి ఆ తర్వాతే.

నల్గొండ_రీడర్
ప్రసాద్ అన్నా, గా ముక్క ఒప్పుకుంట. ఆ భాగం చదివినప్పుడు పుస్తకం పక్కకు పెట్టి కొద్దిసేపు ఊకే కూసున్న. కానీ గట్లాంటి గాయం ఉన్న పిల్ల మీద పెళ్ళి పెళ్ళి అని ఒత్తిడి పెట్టుడు నవ్వులాట ఎట్లయితది? గీడ నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలె. చిన్నది చెప్పిందే కరెక్ట్, బామ్మను జర లోతుగ రాయాల్సుండె. ఏడెన్ గురించి మాత్రం నా మాట మీదనే ఉన్న.

డల్లాస్_అమ్మ
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. మా పాప పదహారేళ్ళది, ఇక్కడే పుట్టింది, మన తెలుగు చర్చికే వెళ్తాం. చదివే యూత్ నవలల్లో తనలాంటి ముఖం ఒక్కటీ లేదని ఎప్పుడూ అంటుంది. మా అత్తగారు ఇండియా నుంచి వీడియో కాల్‌లో ఇప్పట్నుంచే దాని పెళ్ళి గురించి ప్రార్థనలు, పాప ఫోన్ నాకిచ్చేసి వెళ్ళిపోతుంది. ఈ పుస్తకం దానికి ఇవ్వచ్చంటారా?

చీరాల_చిన్నది
ఇవ్వండి అక్కా, కానీ అత్యాచారం సంగతి ఉందని ముందే చెప్పి ఇవ్వండి, అది మెల్లిగా బయటపడుతుంది, తెలీకుండా చదివితే ఉలిక్కిపడుతుంది. కుదిరితే మీరూ చదవండి, మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది. నచ్చితే తర్వాతది ‘ఓన్లీ యూని’, 2008లో వచ్చింది, కజిన్ ట్రిష్ కథ. బామ్మ గురించి పాప ఏమంటుందో మాత్రం ఇక్కడ రాయండి, నాకు తన మాట వినాలనుంది.